బీపీ మాత్ర ఆపకండి: ఆ ఫేస్‌లిఫ్ట్ మెసేజ్‌కి నా జవాబు

‘ఫేస్‌లిఫ్ట్ చేయించుకునే ముందు తెలుసుకోవాల్సిన నిజాలు’ అంటూ ఒక మెసేజ్ కొన్నాళ్లుగా ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతోంది. ఫేస్‌లిఫ్ట్ అంటే జారిన బుగ్గల్నీ మెడనీ ఎత్తి బిగించే ఆపరేషన్. పంపినవాళ్లే మళ్లీ పంపుతున్నారు. ఎవరు రాశారో లేదు, ఏ డాక్టరు చెప్పారో లేదు. చూసీ చూడనట్టు వదిలేస్తూ వచ్చాను. మొన్న, ఆపరేషన్‌కి తేదీ ఖాయమైన మా పెద్దమ్మ అదే మెసేజ్ చూపించి, "బీపీ మాత్ర మానెయ్యమని రాశారు, ఇవాళ్టి నుంచే మానెయ్యనా?" అని అడిగింది. ఇక ఊరుకోవడం నా వల్ల కాదు.

‘కోత ఉండదు, మచ్చ పడదు’ అన్నది మొదటి పాయింటు. కోత లేని ఫేస్‌లిఫ్ట్ లేదు. కణత దగ్గర జుట్టులో మొదలై, చెవి ముందు నుంచి దిగి, తమ్మె చుట్టూ తిరిగి, చెవి వెనక మళ్లీ జుట్టులోకి పోతుంది ఆ కోత. నేర్పున్న సర్జన్ దాన్ని చెవి మడతల్లో కలిపేస్తారు, ఏడాది తిరిగేసరికి గీత చాలావరకు వెలిసిపోతుంది. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. దారాలతో లాగే థ్రెడ్ లిఫ్ట్‌ని కూడా ఇందులోనే కలిపి రాశారు. అది వేరే పని, అంతకాలం నిలవదు కూడా.

‘ముడతలన్నీ పోతాయి.’ పోవు. జారిన బుగ్గలు, దవడ కింద వేలాడే కండ, మెడ, వీటికే ఈ ఆపరేషన్. నుదుటి గీతలు, కళ్ల కింది సంచులు, పై పెదవి మీది సన్నగీతలు, నల్లమచ్చలు అలాగే ఉంటాయి. పైగా ఇది చర్మాన్ని లాగి కుట్టేసే పని అన్నట్టు రాశారు. చర్మం కింద ‘స్మాస్’ అనే పొర ఉంటుందని ఫ్రెంచ్ సర్జన్లు మిట్జ్, పెయ్రోనీ 1976లోనే వివరించారు. బరువంతా ఆ లోపలి పొర మీద పడేలా ఎత్తి కుడితేనే ముఖం ముఖంలా ఉంటుంది. చర్మాన్ని మాత్రమే లాగితే తమ్మె కిందికి సాగుతుంది, మచ్చ వెడల్పవుతుంది. ‘ఏ పొర ఎత్తుతారు?’ అని సర్జన్‌ని మొహమాటం లేకుండా అడగండి.

‘ఒకసారి చేయిస్తే జన్మంతా ఉంటుంది.’ వయసు ఆగిపోతుందా?

‘చలికాలంలోనే చేయించుకోవాలి.’ ఏ కాలమైనా ఒకటే. కొత్త మచ్చకి ఎండ తగలనివ్వకపోతే చాలు.

‘మూడో రోజు ఆఫీసుకి వెళ్లొచ్చు.’ ఇది రాసినవాళ్లు మూడో రోజు ముఖం ఎప్పుడైనా చూశారా? కుట్లు విప్పడానికే ఐదు నుంచి పది రోజులు పడుతుంది. కమిలిన రంగు, వాపు నలుగురిలోకి వెళ్లేంతగా తగ్గడానికి రెండు వారాలైనా కావాలి.

‘సిగరెట్ రెండు రోజులు మానితే చాలు.’ లేపిన చర్మం సన్నటి రక్తనాళాల మీద ఆధారపడి బతుకుతుంది. నికోటిన్ వాటిని ముడుచుకుపోయేలా చేస్తుంది. అప్పుడు చెవి వెనకా ముందూ చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. ముందు కనీసం నాలుగు వారాలు మానాలి, తర్వాత కూడా కొన్ని వారాలు. నికోటిన్ గమ్, ప్యాచ్ కూడా ఇదే లెక్క.

ఒక మాట మాత్రం సరిగ్గా రాశారు. ఈ ఆపరేషన్ చేసే పని ఏ క్రీమూ, ఏ మసాజూ చేయలేదు, చేయించుకోవాలనుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు అన్నారు. రెండూ నిజమే. మా ఇంట్లో పెద్దమ్మని ‘ఈ వయసులో నీకెందుకు’ అన్నవాళ్లు ఆ వాక్యం చదివితే బాగుండు.

ఇక అసలు విషం దగ్గరికి వస్తాను. ‘వారం ముందే బీపీ మాత్రలతో సహా అన్ని మాత్రలూ ఆపేయాలి. ఆపరేషన్ రాత్రి ఒకవైపు బుగ్గ ఉబ్బినా, నొప్పి పెరిగినా టెన్షన్ పడొద్దు, నొప్పి మాత్ర వేసుకుని పడుకోండి’ అని రాశారు. మనిషికి హాని చేయాలనుకుని రాసినా ఇంతకంటే బాగా రాయలేరు!

ఫేస్‌లిఫ్ట్ తర్వాత ఎక్కువగా వచ్చే సమస్య చర్మం కింద రక్తం పేరుకోవడం. హెమటోమా అంటారు. చాలావరకు మొదటి 24 గంటల్లోనే వస్తుంది. దానికి పెద్ద కారణం బీపీ పెరగడం. గడ్డం పెరిగే చోట రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి మగవాళ్లకి ముప్పు ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు బీపీ మాత్ర ఆపమంటారా? కొన్ని రకాలు హఠాత్తుగా మానేస్తే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆపరేషన్ రోజు పొద్దున ఏ మాత్ర వేసుకోవాలో, ఏది ఆపాలో మత్తు డాక్టరు చెప్తారు. యాస్పిరిన్, ఐబుప్రొఫెన్, చేప నూనె, విటమిన్ ఇ మాత్రలు రక్తస్రావం పెంచుతాయి కాబట్టి ముందే ఆపమనడం మామూలే. కానీ గుండెలో స్టెంట్ ఉండి, రక్తం గడ్డకట్టకుండా యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు సొంతంగా మానితే స్టెంట్ మూసుకుపోవచ్చు. గుండె డాక్టరు, సర్జన్ మాట్లాడుకుని తేల్చాలి, వాట్సాప్ కాదు.

ఆ రాత్రి ఏం చూడాలంటే, రెండు బుగ్గలూ సమానంగా వాచి బిగుతుగా ఉంటే అది మామూలు వాపు. ఒక బుగ్గ రెండోదానికంటే పెద్దదై, గట్టిపడి, నున్నగా మెరుస్తూ, ముదురు రంగుకి తిరుగుతుంటే, ఆ ఒక్క వైపే నొప్పి గంట గంటకీ ఎక్కువవుతుంటే అది మామూలు కాదు. లోపలి రక్తం చర్మాన్ని ఒత్తి దానికి ప్రసరణ ఆపేస్తుంది. మెడలో పేరుకుంటే ఊపిరికే అడ్డం. వెంటనే తీసుకెళ్తే కుట్లు విప్పి రక్తం తీసేసి, కారే నాళాన్ని మూసేస్తారు. సమయానికి చేస్తే ముఖానికి నష్టం లేకుండా బయటపడొచ్చు. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసుకుని పడుకుంటే రక్తం ఇంకా కారుతుంది.

పెద్దమ్మ బీపీ మాత్ర మానలేదు. ఆ రాత్రి తలగడలు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటుంది. పక్కన నేనుంటాను. రాత్రి రెండింటికైనా ఫోన్ ఎత్తే మనిషి నంబరు ఇవ్వమని ఆసుపత్రిని అడిగాం. అది చేతికొచ్చేదాకా అడ్వాన్సు కట్టేది లేదని చెప్పేశాం.