దిశ బిల్లును మళ్లీ తేవాలా?

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత, అదే ఏడాది డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ పూర్తి కావాలని, తిరుగులేని ఆధారాలున్న అత్యాచారానికి మరణశిక్ష ఉండాలని, పిల్లలపై ఇతర లైంగిక నేరాలకు యావజ్జీవం దాకా వేయాలని అందులో ఉంది. రాష్ట్రపతి ఆమోదం దక్కకపోవడంతో అది అమల్లోకి రాలేదు. అది సవరించదలచిన భారత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పిల్లలకు సంబంధించిన భాగాన్నైనా కొత్తగా రాసి సభ ముందుకు తేవాలా అన్నది ఈ వాదం. మాట్లాడేది పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో కింద కేసులు విచారించే కోర్టుల్లో పనిచేసిన ఇద్దరు: విశ్రాంత పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఒకరు, బాధిత బాలల తరఫున నిలబడే న్యాయవాది ఒకరు.

ప్రాసిక్యూటర్: తప్పకుండా తేవాలమ్మా. అత్యాచారానికి శిక్షలు ఇప్పటికే పెరిగాయి కాబట్టి దాని జోలికి నేను పోను. ట్యూషన్ చెప్పేవాడు ఆరేళ్ల పిల్లను నెలల తరబడి తడుముతూ వచ్చాడని రుజువైనా, దాన్ని తీవ్రమైన లైంగిక దాడిగా లెక్కించినా, పోక్సో చట్టం ప్రకారం పడేది 5 నుంచి 7 ఏళ్లు. సాధారణ లైంగిక దాడికైతే 3 నుంచి 5 ఏళ్లే. ఆ పిల్ల హైస్కూలు దాటకముందే వాడు అదే వీధిలో తిరుగుతుంటాడు. దిశ బిల్లు పూడ్చాలనుకున్నది ఈ లోటునే.

న్యాయవాది: ఆ లోటు ఉందని నేనూ ఒప్పుకుంటాను సర్. అయితే శిక్ష అనేది కేసులో ఆఖరి మెట్టు, మన పిల్లల్లో చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చూస్తే, నిందితుడు బిడ్డకు తెలిసినవాడే అయిన కేసులు పదింట తొమ్మిదికి పైగా ఉంటున్నాయి. బాబాయో, సవతి తండ్రో, ఇంటి ఓనరో అయి ఉంటాడు. "నువ్వు నోరు తెరిస్తే మీ నాన్నకు ఉరి పడుతుంది" అని నాయనమ్మ చెప్పిన ఇంట్లో, శిక్ష పెంచిన కొద్దీ ఆ బెదిరింపుకు బలం పెరుగుతుంది. అత్యాచారానికీ హత్యకూ ఒకే శిక్ష ఉందని తెలిసినవాడు, తనను గుర్తుపట్టగల ఏకైక సాక్షిని బతకనిస్తాడా అన్న భయం కూడా నాకుంది.

ప్రాసిక్యూటర్: శిక్షలు తక్కువగా ఉన్న రోజుల్లో మాత్రం ఇళ్లలో ఎవరు నోరు విప్పారు? నోరు మూయించేది పరువు, రేపు పిల్లకు పెళ్లి కాదన్న బెంగ, పెద్దమనుషులు కూర్చుని కొంత డబ్బు ముట్టజెప్పించే రాజీ. ఎదుటివాడికి యావజ్జీవం పడే కేసులో రాజీ కుదర్చడానికి ఏ పెద్దమనిషైనా రెండుసార్లు ఆలోచిస్తాడు. ఇంకో మాట. అత్యాచారానికి కనీస శిక్ష ఉన్నా, "తగిన, ప్రత్యేక కారణాలు" రాసి దాన్ని తగ్గించే వీలు 2013 దాకా ఐపీసీలోనే ఉండేది. ఆ వీలును వాడుకుని నిందితుడి వయసు చూసి, అతని భార్యాబిడ్డలను చూసి జాలిపడిన తీర్పులను నేను నా చేతులతో అందుకున్నాను. కఠినమైన కనిష్ఠం లేకపోతే ఆ జాలి ఎప్పుడూ నిందితుడి వైపే ప్రవహిస్తుంది.

న్యాయవాది: ఆ జాలికి అడ్డుకట్ట పడింది, మంచిదే. కానీ దిశ బిల్లుకు నాలుగు నెలల ముందే, 2019 ఆగస్టులో అమల్లోకి వచ్చిన పోక్సో సవరణ తీవ్రమైన లైంగిక చొరబాటు నేరానికి కనీసం 20 ఏళ్లు, గరిష్ఠంగా మరణశిక్ష పెట్టింది. చట్టం పుస్తకంలో ఉరి లేక మన పిల్లలకు న్యాయం ఆగిపోలేదు. హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాప కేసు గుర్తు చేసుకోండి. 2019 జూన్‌లో నేరం జరిగితే, ఆగస్టులోనే వరంగల్ కోర్టు మరణశిక్ష విధించింది, నవంబరులో హైకోర్టు దాన్ని చివరి శ్వాస దాకా జైలుగా మార్చింది. ప్రత్యేక రాష్ట్ర చట్టమేదీ లేకుండానే పోలీసులు, ల్యాబు, కోర్టు కదిలాయి.

ప్రాసిక్యూటర్: ఊరంతా రోడ్డెక్కితే కదిలాయి. రోడ్డెక్కేవాళ్లు లేని బిడ్డకు కూడా అదే వేగం అందాలంటే గడువును చట్టంలో రాయక తప్పదు.

న్యాయవాది: రాసే ఉంది కదా సర్! కోర్టు కేసును విచారణకు స్వీకరించాక 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం, వీలైనంతవరకు ఏడాదిలో విచారణ పూర్తి కావాలని పోక్సో చట్టం 35వ సెక్షన్ 2012 నుంచీ చెబుతోంది. అమలు ఎలా ఉందో మీకు తెలియనిది కాదు. ఏడేళ్లప్పుడు ఫిర్యాదు చేసిన పిల్ల పదేళ్లప్పుడు బోనెక్కుతుంది. "ఆ రోజు ఏ రంగు గౌను వేసుకున్నావమ్మా?" అని డిఫెన్సు లాయరు నేరుగా అడుగుతాడు. ప్రశ్నలు జడ్జి ద్వారానే వెళ్లాలన్న 33వ సెక్షన్ ఆ గదిలో ఎవరికీ గుర్తుండదు. ఎర్రది అంటుంది పిల్ల. మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలంలో నీలం అని ఉంటుంది. ఆ తేడాను పట్టుకుని సంశయ లాభం అడుగుతారు. ఇక 7 పనిదినాల్లో దర్యాప్తు ముగించాలంటే, డీఎన్ఏ రిపోర్టు రాకుండానే ఛార్జిషీటు వేసే ఎస్సైని తయారు చేసినట్టే. ఆ కేసు కోర్టులో వీగిపోతే ఆ పిల్ల ముఖం చూసేది మీరూ నేనే.

ప్రాసిక్యూటర్: 7 రోజుల సంగతి వదిలేస్తాను, అది జరిగే పని కాదు. సరే, మీ బిల్లులో ఏం రాస్తారు?

న్యాయవాది: ఎఫ్ఐఆర్ నమోదైన వారంలోపు, కేసు పొడవునా బిడ్డకు తోడుండే, జీతం తీసుకునే సహాయక వ్యక్తి ఒకరు బిడ్డ ఇంటికి వెళ్లాలి. బిడ్డ సాక్ష్యం ఒకే రోజున మొదలై ఆ రోజే ముగియాలి. నిందితుడు ఇంటి సంపాదనపరుడైతే, మధ్యంతర పరిహారం అతని మొదటి రిమాండు గడువు తీరకముందే తల్లి ఖాతాలో పడాలి. అద్దెకూ బియ్యానికీ డబ్బు లేని తల్లి తానే బెయిలు కోసం తిరుగుతుంది, ఆ తర్వాత కోర్టులో ఎదురు తిరుగుతుంది.

ప్రాసిక్యూటర్: మూడింటికీ నేను సంతకం పెడతాను. వాటి పక్కనే నా యావజ్జీవాన్నీ ఉంచండి.

న్యాయవాది: గరిష్ఠంగా ఉంచండి, అభ్యంతరం లేదు. కనిష్ఠాన్ని మాత్రం పెంచవద్దు. ఇంత చిన్న సాక్ష్యం మీద అంత పెద్ద శిక్షా అని వెనుకాడి, నిందితుణ్ని పూర్తిగా వదిలేసే తీర్పులు అప్పుడు పెరుగుతాయి.

ప్రాసిక్యూటర్: కనిష్ఠం దగ్గర నేను తగ్గను. తగ్గితే ఆ ట్యూషన్ మాస్టారు మళ్లీ అదే వీధికి వస్తాడు.