రివిజన్ మారింది, మెషీన్ దగ్గర కాగితం మారలేదు

రూట్ కార్డ్‌లో, అంటే ఒక పార్ట్‌కు ఏ పని తర్వాత ఏ పని చేయాలో రాసి ఉండే కాగితంలో, ఒక్క ఆపరేషన్ మారితే ప్లానింగ్, ప్రాసెస్, క్వాలిటీ, ప్రొడక్షన్ అందరూ సంతకం పెట్టాలి. పెట్టాల్సిందే. కానీ చదవకుండా పెడితే ఎలా?

మొన్న హీట్ ట్రీట్‌మెంట్ తర్వాత గ్రైండింగ్ చేర్చి రివిజన్ సి ఇచ్చాం. గట్టిపరిచేటప్పుడు ముక్క కొంచెం వంగుతుంది, సైజు మారుతుంది. అందుకని టర్నింగ్‌లోనే, అంటే లేత్ మీద కోసేటప్పుడే, గ్రైండింగ్‌కు కొంచెం మెటీరియల్ మిగల్చాలి. నాలుగు సంతకాలూ పడ్డాయి. మెషీన్ దగ్గర మాత్రం రివిజన్ బి కాగితమే ఉంది. ఆపరేటర్ దాన్ని చూసి ఫైనల్ సైజుకే కోసేశాడు. గ్రైండ్ చేయడానికి ఏమీ మిగల్లేదు, లాట్ మొత్తం స్క్రాప్. అతన్ని తిడుతుంటే నా కడుపు రగిలిపోయింది. అతని చేతిలో పెట్టిన కాగితం ప్రకారమే చేశాడు కదా!

క్వాలిటీ మేనేజ్‌మెంట్ స్టాండర్డ్ ఐఎస్ఓ 9001:2015లో 7.5.3 క్లాజ్ అడిగేది ఇదే: సరైన డాక్యుమెంట్ అవసరమైన చోట, అవసరమైనప్పుడు ఉండాలి, మార్పులు అదుపులో ఉండాలి. ఆడిట్ రోజున అందరికీ గుర్తుంటుంది.

ఇంకోటి. మార్పు వివరం రాసే గడిలో 'అప్‌డేట్ చేయబడింది' అని రాస్తారు. ఏది అప్‌డేట్ చేశారు? ఎందుకు? సగంలో ఉన్న జాబ్‌లకు ఏ రివిజన్ వర్తిస్తుంది? ఆ ఒక్క లైన్ రాయండి, దయచేసి. కొత్త కాగితం ఇచ్చేటప్పుడు పాతది వెనక్కి తీసుకోండి.