షుగర్ ఉన్నంత మాత్రాన కిడ్నీ జబ్బు షుగర్‌దేనా?

మా బంధువుల్లో ఒకాయనకు రక్తంలో క్రియాటినిన్ 2.4 వచ్చింది. కిడ్నీ పని మందగిస్తే పెరిగే అంకె అది. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. డిశ్చార్జి కాగితంలో జబ్బు పేరు దగ్గర “డయాబెటిక్ నెఫ్రోపతీ”, అంటే షుగర్ వల్ల వచ్చిన కిడ్నీ జబ్బు అని రాసిచ్చారు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మాత్రల షీటు ఉంటుంది. మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్. రోజుకు రెండు, ఆరేళ్లుగా. ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజుల్లో ఆ జేబు సంగతి ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆయన లెక్కలో అది మందు కాదు, నొప్పి బిళ్ల.

కిడ్నీలు ఆ బిళ్లల వల్లే చెడ్డాయని తేల్చడానికి నేనెవర్ని? షుగర్ వల్ల కావచ్చు, రెండూ కలిసి కావచ్చు. నా బాధల్లా ఏమీ అడక్కుండానే జవాబు రాసేయడం గురించి. షుగర్ రోగికి బీపీ కోసం ఇచ్చే మాత్రలకూ, నీరు లాగే మాత్రకూ ఈ నొప్పి బిళ్ల తోడైతే కిడ్నీ మీద భారం ఎలా పెరుగుతుందో తెలియని డాక్టరు ఉండడు. అడిగే తీరికే ఉండదు.

షుగరే కారణమన్న ఊహ చాలాసార్లు నిజమే అవుతుంది, అందుకే అలవాటైపోయింది. భారత కిడ్నీ రోగుల రిజిస్ట్రీ 2012లో అచ్చయిన లెక్కల్లో 31 శాతం మందికి షుగరే కారణమని రాసింది, 16 శాతం మందికి కారణం తేలలేదంది. కాకపోతే ఆ 31 శాతంలో ఎక్కువ భాగం బయాప్సీతో (సూదితో కిడ్నీ ముక్క తీసి చేసే పరీక్షతో) రుజువైనది కాదు, డాక్టరు అంచనా. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ వైద్యులు షుగర్ ఉన్న 620 మంది కిడ్నీ ముక్కల్ని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. 37 శాతం మందిలో షుగర్ జబ్బు ఒక్కటే కనిపించింది. 36 శాతం మందిలో షుగర్‌తో సంబంధం లేని జబ్బు, 27 శాతం మందిలో రెండూ ఉన్నాయి. ఒక మాట గుర్తుంచుకోవాలి. అనుమానం వస్తేనే బయాప్సీ చేస్తారు కాబట్టి ఈ అంకెల్ని ఊళ్లో షుగర్ ఉన్న అందరికీ అంటగట్టకూడదు.

అందరికీ సూది గుచ్చమనీ అనడం లేదు. దానికి ముందే చూడాల్సినవి ఉన్నాయి. మొదటిది కన్ను. షుగర్ సన్నటి రక్తనాళాల్ని తినేస్తుంది, వాటిని కోయకుండా నేరుగా చూడగలిగే చోటు కంటి వెనక పొర, రెటీనా. అక్కడ మచ్చలుంటే కిడ్నీ విషయంలో షుగర్ మీద అనుమానం బలపడుతుంది. టైప్-2లో కన్ను శుభ్రంగా ఉన్నంత మాత్రాన షుగర్‌ను వదిలేయడానికి లేదు, కానీ ఇంకో కారణం వెతకాలని అది గట్టిగా చెబుతుంది. రెండోది మూత్రం. షుగర్ జబ్బు సాధారణంగా ఏళ్ల తరబడి నెమ్మదిగా నడుస్తుంది. మూత్రంలో ఎంత ప్రొటీన్ పోతోందో చెప్పే ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి 30 దాటడం, తర్వాత 300 దాటడం, ఆ తర్వాత రక్తంలో క్రియాటినిన్ కదలడం. మొన్నటిదాకా బాగున్న మనిషికి నెల రోజుల్లో కాళ్లు వాచి, మూత్రం నురగలు కక్కితే, లేదా మూత్రంలో రక్తకణాలు కనిపిస్తే అది మామూలు షుగర్ నడకేనా అని అనుమానించాలి. ఇక స్కానింగ్. అరవై దాటిన మగవాళ్లలో ప్రోస్టేట్ పెరిగి, మూత్రం పోశాక కూడా సంచి సగం నిండే ఉంటే, వెనక్కి తన్నిన ఒత్తిడితోనే కిడ్నీలు ఉబ్బుతాయి. దీన్ని షుగర్ ఖాతాలో రాసేస్తే అంతకన్నా అన్యాయం ఉండదు, ఎందుకంటే అడ్డు తీస్తే చాలాసార్లు తగ్గే జబ్బు ఇది.

“కారణం ఏదైతేనేం, మందులు అవే కదా” అనే వాదన ఈమధ్య వినిపిస్తోంది. అందులో కొంత నిజముంది. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర షుగర్ లేని కిడ్నీ రోగులకు కూడా మేలు చేస్తుందని 2020లో తేలింది. కానీ రోగనిరోధక శక్తే కిడ్నీ వడపోత మీద పడే మెంబ్రనస్ నెఫ్రోపతీ లాంటి జబ్బుకు అది ఒక్కటే చాలకపోవచ్చు. పీఎల్ఏ2ఆర్ యాంటీబాడీల రక్తపరీక్షతో చాలామందిలో బయటపడే ఆ జబ్బుకు రోగనిరోధక శక్తిని అదుపు చేసే మందులు అవసరం పడొచ్చు. వాటిలో కొన్ని స్టెరాయిడ్లు, షుగర్‌ను ఆకాశానికెత్తుతాయి. రూఢి చేసుకోకుండా ఏ డాక్టరు మొదలుపెడతాడు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో లెక్క ఇంకా చిక్కు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు షుగర్ లేనివాళ్లే ఎక్కువగా కిడ్నీలు పోగొట్టుకుంటున్నారు. వాళ్ల మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కారణం ఇప్పటికీ తేలలేదు. అక్కడి జీడితోటల్లో పనిచేసే మనిషికి షుగర్ కూడా ఉందనుకోండి. టైప్-2లో ఆల్బుమిన్ పోకుండానే కిడ్నీ పని తగ్గడం కూడా ఉంది కాబట్టి మూత్రం ఒక్కటే చూసి రెండింటినీ వేరు చేయలేం. “షుగర్” అని రాసి ఫైలు మూసేస్తే ఉద్దానం లెక్కలోంచి ఒక మనిషి జారిపోతాడు. “ఉద్దానం” అని రాసేస్తే ఆయన షుగర్‌ను పట్టించుకునేవాడు ఉండడు.

మా బంధువు విషయానికొస్తే, బిళ్లలు మానేశాక క్రియాటినిన్ 1.9కి దిగి అక్కడే ఆగింది. మూడు నెలల తర్వాత కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే రెండు కళ్లలోనూ షుగర్ మచ్చలున్నాయన్నాడు. మోకాళ్లు మాత్రం ఇంకా నొప్పే, ఆయన అడిగేదీ వాటి గురించే.