మాతృభాషలో చదువు చెప్పిన డి లా సాల్

కాథలిక్ బడి అంటే ఇంగ్లీషు, బెత్తం, క్యూలో నిలబడడం అన్నట్టు రాశారు, కాథలిక్ బడుల గురించి నేను చదివిన ఒక వ్యాసంలో. సగం నిజమే. నేను చదివిన కాన్వెంటులో తెలుగులో మాట్లాడితే రూపాయి ఫైన్. ఎనభైల్లో రూపాయంటే మాటలు కాదు, ఇంట్లో అడగడానికి భయం! అందుకే తర్వాత ఎప్పుడో జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ గురించి చదివినప్పుడు నవ్వొచ్చింది.

ఆయన 1651లో ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో పుట్టిన కాథలిక్ మతగురువు. పేదపిల్లలకు ఉచిత బడులు పెట్టాడు. అప్పట్లో పిల్లలకు చదవడం లాటిన్‌తో మొదలుపెట్టేవారు. ఈయన వద్దని, ముందు ఫ్రెంచే నేర్పించాడు. షార్త్ర్ పట్టణ బిషప్ లాటిన్ కావాలని అడిగితే ఒప్పుకోలేదు. పేదపిల్లలు బడిలో ఉండేదే కొద్దికాలం, లాటిన్ వచ్చేలోపే పనికి వెళ్లిపోతారు, అప్పుడు ఏ భాషా చదవడం రాదు అన్నది ఆయన వాదన. దెబ్బలను పూర్తిగా మాన్పించలేదు గానీ, ఎప్పుడు, ఎంత అని గట్టి హద్దులు పెట్టాడు.

బెత్తం సంగతికి వస్తే, ఇటలీలో పేదపిల్లల కోసం పనిచేసిన కాథలిక్ మతగురువు డాన్ బాస్కోను తలవాలి. తప్పు చేశాక శిక్షించడం కాదు, తప్పు జరగకుండా పిల్లల మధ్యే ఉండాలి అని 1877లో రాశాడు. ఆటస్థలంలో కూడా టీచర్ ఉండాల్సిందే.

1950లో డి లా సాల్‌ను ఉపాధ్యాయుల పాలక పునీతుడిగా, అంటే వాళ్లకు అండగా ఉండే సెయింట్‌గా, ప్రకటించారు. మా బడి గోడమీద ఆయన పటం ఉండేది. దాని కిందే ఫైన్ల డబ్బా.