శిక్ష పడితే పాస్‌పోర్ట్, కేసు నడిస్తే వాయిదా

మా ఊళ్లో రెండు పొలాల మధ్య మూడడుగుల గెట్టు ఉంది. ఎనిమిదేళ్ల కింద ఒక పొద్దున ఆ గెట్టు మీద మాటా మాటా పెరిగి పార కామ దాకా పోయింది. ఒకాయన నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. మధ్యాహ్నానికి ఫిర్యాదు వెళ్లింది. మన పల్లెల్లో ఫిర్యాదు రాసే పద్ధతి తెలిసిందే కదా. కొట్టినవాడి పేరొక్కటే రాస్తే కసి తీరదు, ఆ ఇంట్లో మీసం వచ్చిన ప్రతివాడి పేరూ ఎక్కాలి. అలా ఏ-4, అంటే నాలుగో నిందితుడు, అయ్యాడు వాళ్ల చిన్నబ్బాయి. ఆ రోజు అతను హైదరాబాద్ హాస్టల్లో ఐటీఐ పరీక్షలకు చదువుకుంటున్నాడు.

ఇప్పుడతనికి ఇరవై ఏడేళ్లు. ఏసీ మెకానిక్. ఖతార్‌లో పని చూపిస్తానని బంధువు ఒకాయన చెబితే పాస్‌పోర్ట్‌కు పెట్టుకున్నాడు. ఎంక్వైరీకి వచ్చిన కానిస్టేబుల్ అరుగు మీద కూర్చుని ట్యాబ్‌లో ఫొటో తీసుకున్నాడు, చాయ్ తాగాడు, స్క్రీన్ మీద ఏదో చూసి "కేసున్నది గదా తమ్మీ, నా చేతుల ఏం లేదు" అన్నాడు. డబ్బులు కూడా అడగలేదు. అడిగి ఉంటే పని అవుతుందన్న ఆశైనా మిగిలేదని వాళ్ల నాన్న తర్వాత నాతో అన్నాడు.

ఆ కానిస్టేబుల్ తప్పేమీ లేదు. తప్పు చట్టంలోనే ఉంది. పాస్‌పోర్ట్ చట్టం సెక్షన్ 6(2)లో రెండు క్లాజులు పక్కపక్కనే ఉంటాయి. 'ఈ' క్లాజు శిక్ష పడినవాళ్ల గురించి. దరఖాస్తుకు ముందు అయిదేళ్లలోపు, నైతిక పతనం కిందికి వచ్చే నేరంలో, రెండేళ్లకు తక్కువ కాని జైలు శిక్ష పడి ఉంటేనే అది అడ్డొస్తుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ క్లాజు అతన్ని ఆపదు. 'ఎఫ్' క్లాజు కేసు నడుస్తున్నవాళ్ల గురించి. దీనికి అయిదేళ్ల గడువు లేదు, రెండేళ్ల కొలత లేదు, నేరం పెద్దదా చిన్నదా అన్న పట్టింపు లేదు. దేశంలో ఏ క్రిమినల్ కోర్టులోనైనా కేసు పెండింగ్‌లో ఉంటే చాలు.

ఈ రెండింటినీ కలిపి ఒక్కసారి చదవండి. దొంగతనం కేసులో ఏడాదిన్నర జైల్లో ఉండి నిన్న బయటికొచ్చినవాడిని 'ఈ' క్లాజు ముట్టుకోదు. తప్పు చేశాడని ఏ కోర్టూ చెప్పని ఏ-4ను 'ఎఫ్' క్లాజు వదలదు. అంటే మన చట్టం లెక్కలో దోషి కంటే నిందితుడే ప్రమాదకరం. దీన్ని యాభై ఏళ్లకు పైగా మోస్తున్నాం, ఎవరికీ నవ్వు కూడా రావట్లేదు.

ఇంకో ముడి ఉంది. శనివారం రాత్రి తాగి బండి నడుపుతూ హైదరాబాద్‌లో దొరికినవాడు ఏం చేస్తాడు? కౌన్సెలింగ్‌కు వెళ్లి, కోర్టులో తప్పు ఒప్పుకుని, ఫైన్ కట్టి ఇంటికి వస్తాడు. కేసు క్లోజ్. పెండింగ్ ఏమీ లేదు కాబట్టి పాస్‌పోర్ట్‌కు ఇబ్బంది లేదు. అదే మనిషి "నేను తాగలేదు, విచారణ జరపండి" అన్నాడనుకోండి, కేసు నడిచినన్నాళ్లూ 'ఎఫ్' క్లాజు కిందే ఉంటాడు. ఒప్పుకున్నవాడు ఒక్క పూటలో బయటపడతాడు, చేయలేదన్నవాడు వాయిదాలకు తిరుగుతాడు. చిన్న కేసుల్లో "ఒప్పేసుకుని ఫైన్ కట్టెయ్, గొడవ పోతుంది" అని ప్లీడర్లు చెప్పే సలహా వెనక ఉన్న లెక్క ఇదే. ఆ గొడవ ఎక్కడికీ పోదని, ఇంకో దేశపు గేటు దగ్గర కాచుక్కూర్చుంటుందని తర్వాతెప్పుడో తెలుస్తుంది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఈ చట్టం పుట్టుక కూడా చూడాలి. 1967 ఏప్రిల్ 10న సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో, విదేశాలకు వెళ్లడం రాజ్యాంగం 21వ అధికరణం చెప్పే వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు తేల్చింది. అయిదుగురిలో ముగ్గురి మాట అది. మెజారిటీ తీర్పు రాసింది మన కోకా సుబ్బారావు. మర్నాడే ఆయన ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలేసి రాష్ట్రపతి ఎన్నికలో దిగారు. అంతవరకూ పాస్‌పోర్ట్ అంటే సర్కారు దయ. ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. చట్టమంటూ లేకుండా పౌరుణ్ని ఆపడానికి వీల్లేదని ఆ తీర్పు చెప్పింది. ప్రభుత్వం ఎంత చురుగ్గా కదిలిందంటే జూన్‌కల్లా చట్టం తెచ్చేసింది. చట్టం లేకుండా ఆపకూడదన్నారు కదా, చట్టం పెట్టి ఆపుదాం! 1978లో మేనకా గాంధీ కేసులో అలా ఆపే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని కూడా కోర్టు చెప్పింది. 'ఎఫ్' క్లాజు మాత్రం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

దారే లేదా అంటే ఉంది. 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషన్ ప్రకారం, కేసు నడుస్తున్న కోర్టు నుంచి విదేశాలకు వెళ్లొచ్చని ఆర్డర్ తెచ్చుకుంటే పాస్‌పోర్ట్ ఇస్తారు. జనం దాన్ని 'కోర్టు ఎన్‌ఓసీ' అంటారు. ఆర్డర్‌లో ఇన్నేళ్లని రాస్తే అన్నేళ్లు, ఏమీ రాయకపోతే ఒక ఏడాది. ఇక్కడే మెలిక ఉంది. గల్ఫ్‌కు వెళ్లాలంటే పాస్‌పోర్ట్‌కు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. అంటే ఏడాది పాస్‌పోర్ట్ చేతికొచ్చిన రోజు నుంచి దాని ఆయుష్షు ఆరు నెలలే. ఆ ఆరు నెలల్లోనే వీసా, మెడికల్, టికెట్ అన్నీ కావాలి. రెండేళ్ల కాంట్రాక్టు ఇచ్చే కంపెనీ ఈ పుస్తకాన్ని ఒకసారి తిప్పి చూసి పక్కన పెట్టేస్తుంది.

ఎన్‌ఓసీ పిటిషన్ వేసిన రోజు నేను కూడా కోర్టుకు వెళ్లాను. పదిన్నరకు వెళ్తే మూడున్నరకు పిలిచారు. పీపీ, అంటే సర్కారు ప్లీడరు, కౌంటర్‌కు టైమ్ అడిగారు. తర్వాతి వాయిదాకు జడ్జిగారు సెలవు, ఇన్‌చార్జి కోర్టు. ఆ తర్వాతి వాయిదాకు ఏ-2, అంటే సొంత పెదనాన్న, గైర్హాజరై వారంట్ పడింది, ఆ రోజంతా దానికే పోయింది. నాలుగో వాయిదాకు ఆర్డర్ వచ్చింది. అందులో 'అనుమతించడమైనది' అన్న మాట తప్ప ఎన్నేళ్లన్నది లేదు. ప్లీడరు అడగలేదు, జడ్జి రాయలేదు. ఏడాది పాస్‌పోర్టే వచ్చింది.

కాగితం మీద కొన్ని మంచి మాటలు లేకపోలేదు. వట్టి ఎఫ్ఐఆర్ ఉంటే కేసు పెండింగ్ కిందికి రాదని, కోర్టు కాగ్నిజెన్స్ తీసుకుంటేనే, అంటే కేసును విచారణకు స్వీకరిస్తేనే, 'ఎఫ్' క్లాజు వర్తిస్తుందని విదేశాంగ శాఖ 2019 అక్టోబరులో మెమో ఇచ్చింది. ఆ మెమో చాలామంది దరఖాస్తుదారులకు తెలియదు. పోలీసు రిపోర్టులో అడ్వర్స్ (ప్రతికూలం) అని పడిందంటే, నీ మీద కేసు ఏ దశలో ఉందో నువ్వే కాగితాలు పట్టుకుని నిరూపించుకోవాలి.

నిందితులను వదిలేస్తే పారిపోరా అని అడుగుతారు. కట్నం కేసుల్లో భార్యను ఇక్కడ వదిలేసి అమెరికా వెళ్లి కూర్చున్న మొగుళ్ల సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అలాంటి భార్యలకు, పాస్‌పోర్ట్ జప్తు చేయించడం తప్ప వేరే ఆయుధం దొరకడం కష్టం. కాబట్టి ఆ ఆయుధం ఉండాల్సిందే. పాస్‌పోర్ట్ చట్టంలో జప్తుకు వీలిచ్చే సెక్షన్ 10(3) అందుకే ఉంది, బెయిల్ షరతులు అందుకే ఉన్నాయి, ఎయిర్‌పోర్టుల్లో కనిపెట్టమని చెప్పే లుక్ అవుట్ సర్క్యులర్ అందుకే ఉంది. ఫలానా మనిషి పారిపోతాడని అనుమానముంటే పోలీసులు కోర్టుకు వెళ్లి, కారణం చెప్పి ఆపించాలి. అందరినీ ముందే ఆపేసి, పారిపోనని నువ్వే నిరూపించుకో అనడం వేరు. నేను అడిగేది ఇంతే: కోర్టు గుమ్మం ఎక్కే పని పౌరుడిది కాకుండా సర్కారుది కావాలి.

అయినా ఈ జల్లెడలో ఎవరు జారిపోయారో చూశాం కదా. విజయ్ మాల్యా 2016 మార్చి 2న దర్జాగా విమానం ఎక్కాడు. అతని మీద లుక్ అవుట్ సర్క్యులర్ ఉంది, కానీ దాన్ని అప్పటికే 'పట్టుకోండి' నుంచి 'వెళ్తే చెప్పండి'కి సీబీఐ మార్చేసింది. నీరవ్ మోదీ 2018 జనవరి 1న వెళ్లిపోయాడు, బ్యాంకు ఫిర్యాదు ఆ నెలాఖరులో వచ్చింది. 'ఎఫ్' క్లాజు వీళ్లిద్దరిలో ఎవరినీ ఆపలేదు. అది ఆపేది గెట్టు కేసులవాళ్లను, ధర్నా కేసులవాళ్లను.

ఇక అవతలి గేటు సంగతి. అమెరికా వీసా ఫారం డీఎస్-160లో ఒక ప్రశ్న ఉంది: మీరెప్పుడైనా అరెస్ట్ అయ్యారా, శిక్ష పడిందా? క్షమాభిక్ష వచ్చినా సరే చెప్పాలి. ఆ ప్రశ్న రాసినవాళ్ల దృష్టిలో అరెస్ట్ అంటే ఎంతో కొంత ఆధారం దొరికాక జరిగే పని. మన దగ్గర అరెస్ట్ ఎంత చవకో వాళ్లకు తెలియదు. కేసు కొట్టేసినా అరెస్ట్ అయిన మాట నిజమే కాబట్టి 'అవును' అని పెట్టాలి. కన్సల్టెన్సీ వాళ్లేమో "నో పెట్టు, వాళ్లకేం తెలుస్తుంది" అంటారు. దయచేసి ఆ మాట వినకండి. నిజం చెబితే వివరణ ఇచ్చుకునే దారి ఉంటుంది, చిన్న నేరాలకు మినహాయింపులూ ఉన్నాయి. అబద్ధం దొరికితే అది మోసం కింద పడి జీవితకాలం వెంటాడుతుంది.

ఇందాక వాయిదా వేసిన డ్రంక్ అండ్ డ్రైవ్ కేసుకు వద్దాం. కెనడా 2018 డిసెంబరులో తాగి నడిపితే పడే గరిష్ఠ శిక్షను పదేళ్లకు పెంచింది. దాంతో అది వలస చట్టంలో 'తీవ్ర నేరం' అయిపోయింది. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్‌కు అక్కడి పరిమితి 80 మిల్లీగ్రాములు, మన దగ్గర 30. రీడింగ్ 80 దాటి ఫైన్ కట్టి వచ్చిన మన కుర్రాడు, పదివేలతో వదిలిందనుకున్న మన కుర్రాడు, కొన్నేళ్ల తర్వాత టొరంటో వీసాకు ఆ పాత ఆర్డర్ కాపీ వెతుక్కుంటూ కోర్టు రికార్డు రూమ్‌లో తేలతాడు. అన్నట్టు, 34 అభియోగాల్లో దోషిగా తేలిన డొనాల్డ్ ట్రంప్ 2025 జూన్‌లో జీ7 సదస్సుకు అదే కెనడా వెళ్లొచ్చారు. దేశాధినేతకు వేరే దారి ఉంటుంది మరి.

2025 ఏప్రిల్‌లో జరిగింది మన తల్లిదండ్రులు ఇంకా మరిచిపోయి ఉండరు. పోలీసు డేటాబేస్‌లో పేరు తగిలిందని అమెరికాలో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే అక్కడ చదువుకుంటున్నారని సర్కారు దగ్గర ఉండే నమోదు, రద్దు చేశారు. అందులో కొట్టేసిన కేసులున్నాయి, ట్రాఫిక్ టికెట్లున్నాయి. కోర్టులు వరసగా స్టేలు ఇచ్చాక నెలాఖరుకు వెనక్కి తగ్గారు. అప్పుడు మనమంతా "ఇదేం అన్యాయం, నేరం రుజువు కాకుండానే" అన్నాం. టీవీల్లో చర్చలు పెట్టాం. ఆ అన్యాయాన్నే మనం 1967 నుంచి సొంత పౌరులకు చేస్తున్నాం.

నా అసలు కోపం పాస్‌పోర్ట్ మీద కాదు. మన రెండు రాష్ట్రాల్లో కేసు అనేది న్యాయం కోసం పెట్టేది కాకుండా పోయింది. ఎవరు గద్దెనెక్కినా ముందు చేసే పని అవతలి పార్టీ కుర్రాళ్ల సోషల్ మీడియా పోస్టులు వెతికి కేసులు పెట్టడమే. తెలంగాణ ఉద్యమంలో రైలు పట్టాల మీద కూర్చున్న విద్యార్థులు రాష్ట్రం వచ్చాక కూడా రైల్వే కేసులకు తిరిగారు. కేసు గెలవక్కర్లేదు, పెడితే చాలు, వాడి ఉద్యోగం, వీసా, పెళ్లి సంబంధం అన్నీ ఆగుతాయని పెట్టేవాడికి తెలుసు. ఆ బలాన్ని వాడి చేతికిచ్చింది 'ఎఫ్' లాంటి క్లాజులే.

మరి ఈ చట్టాలు చేసేవాళ్లకు ఏ కొలత పెట్టుకున్నారు? ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 8 ప్రకారం మామూలు నేరాల్లో రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితేనే పదవి పోతుంది. పెండింగ్ కేసు అసలు లెక్కలోకే రాదు. 2024లో గెలిచిన 543 మంది లోక్‌సభ సభ్యుల్లో 251 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని అఫిడవిట్లలో రాసిచ్చారు. పార్లమెంటులో కూర్చుని చట్టం చేయడానికి కేసు అడ్డం కాదు. దోహాలో నిచ్చెన ఎక్కి ఏసీకి గ్యాస్ నింపడానికి అడ్డం.

గెట్టు కేసు ఇంకా సాక్షుల విచారణ దగ్గరే ఉంది. రెండు ఇళ్లవాళ్లూ ఎప్పుడో కలిసిపోయారు. ఏ-4 చెల్లెలి పెళ్లిలో ఆ నుదుటి కుట్ల పెద్దాయనే దగ్గరుండి వడ్డన చూసుకున్నాడు. కానీ ఆ కేసులో పెట్టిన ఐపీసీ 324 (ఆయుధంతో గాయపరచడం) రాజీకి వీలున్న సెక్షన్ కాదు. కేసు పోవాలంటే హైకోర్టుకు వెళ్లి కొట్టేయించుకోవాలి, దానికి డబ్బు కూడబెడుతున్నారు. ఈలోగా ఏడాది పాస్‌పోర్ట్ గడువు తీరిపోయింది. పోయిన నెల ఆ పెద్దాయన చిన్నకొడుకు దోహా ఫ్లైట్ ఎక్కాడు. శంషాబాద్ దాకా బండి నడిపి దింపి వచ్చింది మన ఏ-4.