క్రైస్తవ్యం అనే మాట బైబిల్లో లేదు
క్రైస్తవ్యం అనే పేరు బైబిల్లోంచే వచ్చిందని ఒక వ్యాసంలో రాశారు గానీ, సగమే నిజం. బైబిల్లో ఉన్నది క్రైస్తవుడు, క్రైస్తవులు అనే మాట, అదీ కొత్త నిబంధన మొత్తంలో మూడే మూడు చోట్ల, మొదటిది అపొస్తలుల కార్యములు 11:26లో, అంతియొకయ అనే పట్టణంలో యేసు శిష్యులకి ఆ పేరు వచ్చిందని. క్రైస్తవ్యం అన్నది మనకి దొరికిన రాతల్లో మొదటిసారి 2వ శతాబ్దం తొలినాళ్లలో ఇగ్నేషియస్ ఉత్తరాల్లో కనిపిస్తుంది, ఆయనా ఆ అంతియొకయ బిషప్పే, చిత్రం. మా నరసాపురం వైపు మాటల్లో అయితే ఇప్పటికీ ఎవరూ క్రైస్తవ్యం అనరు, అది పుస్తకాల మాట. మా నాయనమ్మ ఏనాడూ "మతం పుచ్చుకున్నాం" అనలేదు, "ప్రభువుని నమ్ముకున్నాం" అనేది అంతే. ఎవరైనా మతం అంటే మొహం అదోలా పెట్టేది. ఎండాకాలం కాలువలు కట్టేస్తే బాప్తిస్మాలు కూడా ఆగిపోయేవి, మళ్లీ నీళ్లు వదిలాక తెల్లబట్టలేసుకుని రేవులో దిగేవాళ్లు, ఒడ్డున తువ్వాళ్లు పట్టుకుని మేం. అలా మునిగి లేచినవాళ్లని ఊళ్లో "విశ్వాసులు" అనేవారు. స్కూలు ఫారంలో మతం అన్నచోట మాత్రం ఏం రాయాలో ఇంట్లో పెద్ద చర్చే, అది వేరే కథ లెండి.