గిగాబైట్లతో హెచ్చవేస్తే కరెంటు లెక్క తేలదు

ఒక దేశపు టెలికాం నెట్‌వర్క్ ఏటా ఎంత కరెంటు వాడుతోందని అడిగితే, జీబీకి ఇన్ని యూనిట్లని ఎక్కడో దొరికిన అంకెను మొత్తం డేటాతో హెచ్చవేసి చేతులు దులుపుకోవడం రివాజైంది. ఆ అంకె మీదే ఏకాభిప్రాయం లేదు. పాత అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధకులకు అది 0.0064 నుంచి 136 యూనిట్ల దాకా కనిపించింది. ఇరవై వేల రెట్ల తేడా! నెట్‌వర్క్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎవరికి వారే గీత గీసుకున్నారు మరి. పైగా అది నిలకడగా ఉండే అంకె కాదు. తీగల మీద నడిచే స్థిర లైన్ల విషయంలో 2015 నాటికి 0.06 యూనిట్లని తేల్చిన అధ్యయనమే, సుమారు రెండేళ్లకోసారి అది సగమవుతోందనీ చెప్పింది. ఆ లెక్కన ఎనిమిదేళ్లనాటి అంకెను వాడితే వినియోగం 16 రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది.

అసలు లోపం అంతకన్నా లోతుగా ఉంది. డేటా తగ్గినంత మాత్రాన కరెంటు వాడకం ఆ మేరకు తగ్గదు. యూరప్‌లో ఎర్త్ ప్రాజెక్టు రూపొందించిన నమూనాలో, మూడు సెక్టార్లు (ఒక్కో దిక్కుకు ఒకటి), సెక్టారుకు రెండు యాంటెన్నాలున్న 4జీ బేస్ స్టేషన్, అంటే టవర్ దగ్గరి సిగ్నల్ పరికరం, నిండు లోడులో 1,344 వాట్లు తీసుకుంటుంది. దాదాపు ఖాళీగా ఉన్న వేళ కూడా 780 వాట్లు, అంటే 58 శాతం, లాగుతూనే ఉంటుంది.

కాబట్టి లెక్క కింది నుంచి రావాలి: పరికరాల సంఖ్య, కొలిచిన సగటు వాట్లు, ఏడాదికి 8,760 గంటలు. ఇక్కడా తప్పటడుగులు తక్కువేం కాదు. పరికరంపై ముద్రించిన గరిష్ఠ వాట్లనే వేసుకుంటే లెక్క ఉబ్బిపోతుంది. టెలికాం పరికరాలు నడిచే మైనస్ 48 వోల్టుల డీసీ వైపు మాత్రమే కొలిచి వదిలేస్తే తగ్గిపోతుంది. డీసీలో 2,000 వాట్లు కనిపించే టవర్ సైటు, బయటి కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్ సామర్థ్యం 92 శాతమైతే బయటి నుంచి 2,174 వాట్లు తీసుకుంటుంది. గదిని చల్లబరిచే ఎయిర్ కండిషనర్‌కు మరో 500 కలిపితే దాదాపు 2,700. డీజిల్ జనరేటర్ ఇచ్చే కరెంటు విద్యుత్ సంస్థ బిల్లులో ఉండదు. లీటరుకు మూడు యూనిట్ల చొప్పున వేసుకోవచ్చు గానీ, తక్కువ లోడుపై నడిచే జనరేటర్ అంత ఇవ్వదు. ఉమ్మడి టవర్‌ను ఇద్దరు ఆపరేటర్లూ తమ ఖాతాలో చూపవచ్చు, లేదా ఇద్దరూ టవర్ కంపెనీ మీదికి నెట్టేయవచ్చు. ఇళ్లలోని రౌటర్ల ఊసైతే ఎవరూ ఎత్తరు. 10 వాట్ల రౌటర్లు కోటి ఉంటే ఏడాదికి 87.6 కోట్ల యూనిట్లు!

కొలిచే పద్ధతి కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. మొబైల్ నెట్‌వర్క్‌లకు అంతర్జాతీయ టెలికాం సంఘం (ఐటీయూ) ఎల్.1331 ప్రమాణం ఉంది; వారం, నెల, ఏడాది వ్యవధుల్లో కొలవమంటుంది. ప్రతి సైటుకూ మీటర్ లేకపోతే పరికరాల వయసు, టెక్నాలజీ, గ్రిడ్ కరెంటు ఉండే గంటలను బట్టి సైట్లను వర్గాలు చేసి, ఒక్కో వర్గం నుంచి నమూనాలు తీసుకోవాలి. కొత్తగా బాగుచేసిన సైట్లనే నమూనాగా చూపించే తెలివితేటలకు తావివ్వకూడదు.

ఆపరేటర్లు గ్రిడ్, డీజిల్, సౌర విద్యుత్తులను విడివిడిగా, టవర్ సైట్లు, ప్రధాన నెట్‌వర్క్, ఇంటి పరికరాల వారీగా ప్రకటించేలా నియంత్రణ సంస్థలు ఆదేశించాలని మేం కోరుతున్నాం. 2022లో ప్రపంచ డేటా నెట్‌వర్క్‌ల వినియోగాన్ని అంతర్జాతీయ ఇంధన సంస్థ సైతం 26,000 నుంచి 36,000 కోట్ల యూనిట్ల మధ్య అని పరిధిగానే చెప్పింది. దశాంశాలతో సహా ఒకే అంకె రాసిచ్చే జాతీయ నివేదికను, పరిధీ పద్ధతీ జోడించమని తిప్పి పంపాలి.